పిస్తోలునకు తగిన స్ప్రింగు

స్ప్రింగు ఎంత బిగువైన పిస్తోలునకు అంత మేలని పలువురు తలంతురు. మేము అంగీకరింపజాలము. స్ప్రింగు బలము తూటా బలమునకు సరిపోవలెను.

జాన్ బ్రౌనింగ్ రూపొందింపగా అమెరికా సైన్యము 1911లో స్వీకరించిన పిస్తోలునే తీసికొందము. తూటా పేలగానే స్లైడు అను పైభాగము వెనుకకు జరిగి ఖాళీ డొప్పను వెలికి విసరును. అప్పుడు నొక్కుకొనిన స్ప్రింగు స్లైడును ముందునకు నెట్టగా కొత్త తూటా గొట్టములో చేరును. ఐదంగుళముల గొట్టముతో .45 తూటాను పేల్చు నమూనాకు 16 పౌనుల స్ప్రింగు వాడుక.

స్ప్రింగు మెత్తబడినచో స్లైడు చట్రమును గట్టిగా మోదును. మితిమీరి బిగిసినచో స్లైడు పూర్తిగా వెనుకకు పోదు, డొప్ప ఇరుకుకొనును. ప్రాణరక్షణకై పట్టిన ఆయుధము అదనున మొరాయించుటకంటె కీడేమున్నది?

స్ప్రింగు లోపలి కడ్డీకి అంత ప్రాధాన్యము లేదు. బ్రౌనింగ్ అమర్చినది పొట్టిది. తరువాత వచ్చిన పొడుగు కడ్డీలు స్ప్రింగును వంగనీయవందురు. కాని వానితో పిస్తోలును విప్పుట కొంత చిక్కు. 1985లో వేరొక పిస్తోలును స్వీకరించువరకు ఆ సైన్యమునకు పొట్టికడ్డీయే చాలినది.

కావున కడ్డీపై వ్యయపడుటకు ముందు పాత స్ప్రింగును కొత్తదాని ప్రక్కన నిలిపి చూడవలెను. వాడుకలో కుంగి పొట్టియైనచో మార్చవలసినది అదియే. మార్చునపుడు తయారీదారు నిర్ణయించిన బలమునే కోరవలెను.