జర్మను వైమానిక సేనాని ఆడాల్ఫ్ గాలండ్: రణనైపుణ్యము, దాని మేర



ఏ చరిత్రాధ్యాపకుని స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పాటైనదో ఆ మహనీయుడు, విజేతల చరిత్రవలెనే పరాజితుల చరిత్రయు శ్రద్ధతో చదువదగినదని శిష్యులకు బోధించెడివారు. ఆ బోధను శిరసావహించి, ద్వితీయ ప్రపంచ సంగ్రామమున ఓడిన పక్షమున పోరాడిన ఆడాల్ఫ్ గాలండ్ అను వైమానిక సేనాని చరితమును నేడు పరిశీలింపదలచితిని.

గాలండ్ 1912 మార్చి 19వ తేదీన జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతమున వెస్టర్‌హోల్ట్ అను ఊర జన్మించెను. వెర్సాయి సంధి జర్మనీకి వైమానికదళమును నిషేధించియుండుటచే, గగనవిహారమునకు ఉవ్విళ్లూరు ఆ తరపు యువకులకు ఇంజను లేని గ్లైడర్లే శరణ్యములయ్యెను. గాలండ్ విద్యారంభమును వానితోనే జరిగెను. 1932లో లుఫ్తాన్సా సంస్థవారి పైలటు శిక్షణాలయమున ప్రవేశించి, పౌరవిమానవిద్య మాటున సాగుచుండిన సైనికశిక్షణమును రహస్యముగా పొందెను. 1935లో విమానము కూలి ఎడమకంటికి గాయమై చూపు మందగింపగా, నేత్రపరీక్షకు ఉంచు అక్షరముల పట్టికను కంఠస్థము చేసి గట్టెక్కెనని ప్రతీతి.

1937లో స్పెయిను అంతర్యుద్ధమున ఫ్రాంకోకు తోడ్పడుటకై హిట్లరు పంపిన కాండార్ దళమున అతడు చేరునప్పటికి, ఆ దళపు బాంబులకు గెర్నికా పట్టణము భస్మమై ఎంతో కాలము గడువలేదు. హైంకెల్ 51 అను రెండంతస్తుల రెక్కల విమానమున నేలకు చేరువగా ఎగురుచు పదాతిదళములకు దారి చేయు పద్ధతిని అచ్చట అభ్యసించి, 1939లో పోలండుపై ఆ విద్యనే ప్రయోగించెను. 1940 మే నెలలో పశ్చిమరంగమున తొలి విజయములు గడించి, కొలదికాలమునకే 26వ యుద్ధవిమాన దళమునకు నాయకుడయ్యెను.

ఆ యేటి బ్రిటను సంగ్రామమున అతని స్వభావము తేటపడినది. అతడు నడిపిన మెస్సర్‌ష్మిట్ 109 విమానము వేగముగా ఎగిరి, ఎత్తునుండి విరుచుకుపడి, మరల పైకి పోవుటకు అనువైనది. ఇంగ్లండు ఆకాశమున నిలిచి పోరాడుటకు దాని ఇంధనము సుమారు 20 నిమిషములకు మించి చాలదు. అట్టిదానిని మందగమనములైన బాంబరుల ప్రక్కనే అంటిపెట్టుకొని ఎగురుమని శాసించిన జర్మను వైమానికదళాధిపతి గోరింగ్, సముద్రతీరమునకు వచ్చి, మీకేమి కావలెనని దళనాయకుల నడుగగా, గాలండ్ తనకు స్పిట్‌ఫయరుల దళమొకటి ఇప్పింపుమనెను. శత్రువిమానమును కోరుటలో అతని భావము స్పష్టము: మా విమానమునకు తగని పనిని మాకు పెట్టితిరి, ఆ పనికి తగినది వారి విమానము.

ఈ నిర్భీతికి తోడు యుద్ధనీతి గూర్చిన పట్టింపును అతనికి కలదు. పారాచూటుతో దిగు శత్రువును కాల్చుట విషయమై గోరింగ్ అభిప్రాయమడుగగా, అది హత్యయే యగునని బదులు పలికితినని అతడు చెప్పుకొనెను. 1941 ఆగస్టులో రెండు కాళ్లును కృత్రిమములైన డగ్లస్ బేడర్ అను బ్రిటిషు వీరుడు పట్టుబడినప్పుడు అతిథివలె ఆదరించెను. జారిపోయిన కృత్రిమపాదమునకు బదులు వేరొకటి ఆంగ్లేయులు ఆకాశమునుండి జారవిడుచుటకు అనుమతి దొరికినది.

1941 నవంబరులో వైమానికదళపు ఉన్నతాధికారి ఊడెట్ ఆత్మహత్య చేసికొనగా, అతని అంత్యక్రియలకు వచ్చుచు మోల్డర్స్ విమానప్రమాదమున మరణించెను. మోల్డర్స్ వహించిన యుద్ధవిమానసేనాధిపత్యము గాలండ్‌కు సంక్రమించెను. మరుసటి యేడు నవంబరులో, 30 ఏండ్ల ప్రాయమున, మేజర్ జనరల్ అయ్యెను. ఆ పదవి అతనికి కీర్తికంటె కలహమునే ఎక్కువ తెచ్చినది. అమెరికను బాంబరులకు దూరగాములైన మస్టాంగు యుద్ధవిమానములు తోడు రాగా, 1944 జనవరి మొదలు ఏప్రిలు వరకు పగటి యుద్ధదళము వేయిమందికి పైగా పైలటులను కోల్పోయెనని అతడే నివేదించెను. 1943 మేలో జెట్ విమానమైన మెస్సర్‌ష్మిట్ 262ను స్వయముగా నడిపి ముగ్ధుడై, దానిని యుద్ధవిమానముగా త్వరితముగ నిర్మింపుడని వాదించెను. హిట్లరు దానిని బాంబరు చేయుమనెను. ఐనను ఆలస్యమునకు హిట్లరు పట్టుదల యొక్కటియే కారణమనుట సరికాదు. ఇంజనుల నిర్మాణమే చాలకాలము కుదుటపడలేదు. శత్రుబాంబరులపై ఒక్కసారిగా చేయదలచిన మహాప్రహారమునకై గాలండ్ కూడబెట్టిన విమానములు, జర్మనులు జరిపిన ఆర్డెన్ దాడిలో వ్యయమై, 1945 జనవరి 1వ తేదీ నాటి యొక్క దినముననే సుమారు 300 నశించెను.

ఆ నెలలోనే అతడు పదవీచ్యుతుడయ్యెను. లుట్జో ప్రభృతి దళనాయకులు గోరింగ్‌ను ఎదిరించి నిలిచిరి, ఫలము శూన్యము. తుదకు సేనాధిపతిగా నుండిన గాలండ్, జెట్ విమానముల చిన్నదళమొకదానికి నాయకుడై, ఏప్రిలు 26న మోకాలికి గాయపడువరకు పోరాడెను. అతని పేర లెక్కింపబడిన విజయములు 104. ఇద్దరు తమ్ములు అదే యుద్ధమున, అదే విద్యలో, అంతకుముందే కూలిరి.

యుద్ధానంతరము అతడు అర్జెంటీనా వైమానికదళమునకు సలహాదారుగా పోయెను. అచ్చట అతనికి తోడుగా నుండిన విమానశిల్పి కుర్ట్ టాంక్ పిమ్మట మన దేశమునకు వచ్చి, 1961లో బెంగుళూరున ఎగిరిన మారుత్ యుద్ధవిమానమును రూపొందించుట మనకు స్మరణీయము. గాలండ్ 1996లో మరణించెను.

కురుక్షేత్రమున ద్రోణుడు వ్యూహములు పన్నుటలో ఎంత నేర్పరియో, అవి ఎవరి ప్రయోజనమునకో యను విచారమున అంత మౌని. గాలండ్ విషయమును అట్టిదే. విమానము గూర్చి, వ్యూహము గూర్చి, పైలటుల ప్రాణములు గూర్చి అధికారి ముఖముననే సత్యము పలికెను. ఆ అధికారి నడుపుచున్న యుద్ధము న్యాయమా యని మాత్రము ప్రశ్నింపలేదు. 1953లో వెలువడిన అతని స్మృతిగ్రంథమున యుద్ధమెట్లు ఓడిపోయితిమను విచారమే ప్రధానము. ఆ యుద్ధము గెలువదగినదేనా యను విచారము దానిలో మిక్కిలి స్వల్పము. తన వృత్తి యెల్లలలోపల ధైర్యశాలి యగుట గొప్పగుణమే. కాని ఆ యెల్లలు గీసినవాడు అధర్మపరుడైనచో, ఆ ధైర్యమంతయు అతని పనిని చక్కగా నెరవేర్చుటకే వినియోగపడును. శాస్త్రజ్ఞులను, ఇంజనీరులను, సైనికాధికారులను తీర్చిదిద్దు విద్యాలయములు వారికి నైపుణ్యముతోపాటు, అది ఎవరి ప్రయోజనమునకో యను ప్రశ్నను అడుగు అలవాటును నేర్పవలెనని మనవిచేయుచున్నాను.