బల్ల మీద పువ్వులూ, దీపాలూ

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, అది ఉద్యోగి హక్కనీ స్పష్టం చేసింది. ఆ తీర్పును తలచుకుంటూ ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. కరువు భత్యం గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకన్నా బాగా తెలిసినవారు మాట్లాడతారు. భోజనాల బల్లల మీద పువ్వులు, దీపాలు అమర్చే పని ఈసారి నాకూ, నా శ్రీమతికీ అప్పగించారు. ఆ విషయమే నాలుగు మాటలు చెప్పమన్నారు. గుమాస్తాగా ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళకు ట్యాగులు కట్టిన చేతులివి. పువ్వుల పని రిటైరయ్యాక ఇంట్లోనే నేర్చుకున్నాను.

ఈ పనిలో మొదట చూడవలసింది ఒక్కటే. అలంకరణ మనుషుల ముఖాలకు అడ్డు రాకూడదు. మా మిత్రుడొకరికి వినికిడి బాగా తగ్గింది. ఎదుటివారి పెదవుల కదలిక చూసే ఆయన మాట గ్రహిస్తారు. ఒక షష్టిపూర్తి విందులో బల్ల మధ్య రెండడుగుల పూలగుత్తి నిలబెట్టారు. ఎదురుగా కూర్చున్నది ఆయన సొంత తమ్ముడే. చాలా ఏళ్ళకు కలుసుకున్నారు. కాని ఒక్క మాటా అందక, ఆయన తలవంచుకుని నాలుగు మెతుకులు తిని లేచిపోయారు. మనలో ఇలాంటివారు చాలామందే ఉన్నారు.

అందుచేత ఒక కొలత పెట్టుకున్నాం. కుర్చీలో కూర్చుని, మోచెయ్యి బల్లకు ఆనించి చెయ్యి నిలువుగా ఎత్తండి. అలంకరణ మణికట్టు దాటకూడదు. సుమారు పది అంగుళాలన్న మాట.

కార్తీక మాసంలో అరటి దొప్పల్లో దీపాలు పెట్టి గోదావరిలో, కృష్ణలో వదలడం మనందరికీ తెలిసినదే. మేము చేసేదీ అదే. నదికి బదులు మూడంగుళాల లోతున్న వెడల్పాటి ఇత్తడి బేసిను. అందులో సగానికి పైగా నీళ్ళు పోస్తాం. అరటి బోదె పొరలను నాలుగంగుళాల ముక్కలుగా కోస్తే చిన్న పడవల్లా తేలతాయి. ఒక్కొక్కదానిలో రేకు గిన్నెతో వచ్చే చిన్న మైనపు దీపం పెడతాం. చుట్టూ తొడిమలు తీసిన బంతిపూలు, చామంతులు నీళ్ళమీద వదులుతాం. పువ్వులు దీపం కన్నా కిందనే ఉండాలి. అరటి కర బట్టలకు అంటితే పోదు కనుక ముక్కలు కోసేటప్పుడు పాత పంచె కట్టుకోండి.

నీళ్ళు వద్దనుకుంటే అడుగు పొడవు బోదెను నిలువునా చీల్చి, చదునైన వైపు కిందికి వచ్చేలా పళ్ళెంలో పెట్టండి. పుల్లతో రంధ్రాలు చేసి, కాడలున్న చామంతులు గుచ్చండి. బోదెలో తేమ ఉంటుంది కాబట్టి పువ్వులు తొందరగా వాడవు. కొవ్వొత్తులను మాత్రం ఈ పువ్వులకు అడుగు దూరంలో, బరువైన గాజు గ్లాసుల్లో నిలబెట్టాలి. వత్తిని పావు అంగుళానికి కత్తిరిస్తే మసి తగ్గుతుంది.

ఇక జాగ్రత్తలు. వెలిగించే ముందు పైన ఉన్న ఫ్యాను ఆపాలి. ప్లాస్టిక్ పువ్వులు, థర్మోకోలు దీపం దరిదాపుల్లో ఉండకూడదు. సిల్కు, నైలాను చీరలు కట్టుకున్న సోదరీమణులు దీపం మీదుగా చెయ్యి చాచి గిన్నె అందుకోవద్దు. పక్కవారిని అడగండి. వడ్డన మొదలయ్యే ముందు దీపాలను బల్ల అంచు నుంచి లోపలికి జరపండి. వెలుగుతున్న దీపాన్ని వదిలి ఎవరూ గది దాటి వెళ్ళరాదు. ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ పెడుతుంటే అగ్గిపుల్ల కూడా గీయవద్దు. బ్యాటరీ దీపాలు దొరుకుతున్నాయి, అవే పెట్టండి. ఆ కాస్త వేడుక కోసం ప్రాణం మీదికి తెచ్చుకోనక్కరలేదు.

సభ అయ్యాక పువ్వులనూ, బోదె ముక్కలనూ మొక్కల మొదట్లో వేసుకోవచ్చు. ఇత్తడి బేసిను చింతపండుతో తోమితే మళ్ళీ మెరుస్తుంది.

ఈ రోజు మన బల్లలన్నిటి మీదా అలంకరణ పది అంగుళాల లోపే ఉంది. ఎదురుగా ఉన్నవారు చక్కగా కనబడతారు. వినికిడి తగ్గినవారిని వెలుతురు వైపు కాక, మాట్లాడేవారి ముఖం మీద వెలుతురు పడే వైపు కూర్చోబెట్టండి. తొందరపడకుండా, వారి వైపు తిరిగి మాట్లాడండి. మా మిత్రుడు కూడా ఈ సభకు వచ్చారు. మూడో బల్ల దగ్గర ఉన్నారు. దయచేసి పలకరించండి.