అడవిపంది సంగతి మనల్నెవరడిగారు?

(నల్లమల అంచు పల్లెల కూలీలు, చిన్న రైతుల సభలో ఒక టీచరు ప్రసంగం)



దళితుల సభలో అడవి జంతువుల ముచ్చట ఎందుకని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. మన చేలు ఎక్కడున్నాయో చూడు తమ్మీ. చెరువు కింద ఉన్నాయా? మనకిచ్చిన అసైన్డు భూమి రాళ్లల్లో, అడవి మొదట్లో ఉంది. పందుల మంద ముందు దిగేది మన పల్లిచేన్లనే. పెద్దరైతు పంటకు మన పంటే కంచె.

అడవి గురించి పేపర్లలో రెండు మాటలే వినపడతాయి. జంతువుల్ని ముట్టొద్దని పట్నపోళ్ల మాట. కాల్చెయ్యాలని తుపాకి లైసెన్సున్నోళ్ల మాట. రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టే మనిషి మాట ఏదీ?

ఇది కొత్తది కాదు. 1902లో వైస్రాయి కర్జన్ నైజాం రాజ్యానికొచ్చి పులిని వేటాడాడు. చచ్చిన పులి దగ్గర దొర, దొరసాని దిగిన ఫోటో ఇప్పటికీ ఉంది. అలాంటి వేటల్లో డప్పులు కొట్టి, కేకలేసి జంతువును తుపాకి ముందుకు తోలిన జనం పేర్లు ఎక్కడా లేవు. 1972 చట్టం వచ్చింది, వేట నేరమైంది. ఆ చట్టం వద్దని నేననను. కానీ అప్పుడూ మనల్ని అడగలేదు.

కేరళలో 2022లో పంట పాడుచేసే పందిని చంపించే అధికారం పంచాయతీ అధ్యక్షులకిచ్చారు. కాల్చేది లైసెన్సున్నోడు. మాంసం తినొద్దు, పూడ్చెయ్యాలె. ఈ సంగతి మా వాడలో చెబితే ఒక పెద్దాయన, "పంటా పాయె, కూరా మట్టిపాలాయె" అన్నాడు. అందరూ నవ్వారు. పిల్లలు కొందరు మాకు వేట కావాలన్నారు. ఆడోళ్లు ఒప్పుకోలేదు. "పంది చచ్చినా బతికినా మాకేంది సారూ, ముందు ఆ కరెంటు తీగలు తీయించు" అన్నారు. పందికని చేను చుట్టూ కట్టిన తీగకు తెల్లారగట్ల పనికిపోయే కూలీ చస్తున్నాడు, బర్రె చస్తున్నది. ఒక్క వాడలోనే ఇన్ని మాటలున్నాయి. సర్కారు వినాల్సింది ఇవన్నీ.

2006 అటవీ హక్కుల చట్టం వేట హక్కు ఇయ్యలేదు. అడవిని, జంతువుల్ని కాపాడుకునే అధికారం మాత్రం హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. అయితే ఆదివాసులు కాని మనం హక్కుదారులం కావాలంటే, 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిని నమ్ముకుని అక్కడే బతికినట్టు రుజువు చూపాలె. కాగితం మన తాతకెవరిచ్చారు? చెంచు అన్నలకు ఈ షరతు లేదు, ఉండొద్దు కూడా. వాళ్లతో మనకు తగాదా లేదు. హక్కుల కమిటీలో వాళ్లకు, ఆడోళ్లకు వాటా రాశారు, మంచిదే. దళితులకని రాసిన కుర్చీ మాత్రం ఒక్కటీ లేదు.

అందుకే ఈసారి గ్రామసభలో గోడకానుకుని నిలబడొద్దు. ముందు వరసలో కూర్చోండి. ఎవరి చేను, ఏ సర్వే నంబరు, ఏ రాత్రి ఎంత పోయిందో చెప్పండి. తీగలు తీసేయాలని తీర్మానం పెట్టించండి. వేట మీద మీలో మీకు పడకపోతే ఆ రెండు మాటలూ రాయించండి. పదో తరగతి చదివిన పిల్లలు పక్కన కూర్చుని రాస్తారు. కాగితాలు, పెన్నులు నేను తెస్తా.