కంటి మీద కునుకు ఎవరి హక్కు?

(ఇంటి దగ్గర ఉండి కూలి పని చేసే స్త్రీల ఆరోగ్యంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కళ్ళ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను కంటి డాక్టర్ని కాదు, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అయినా ఒప్పుకోవడానికి కారణం ఉంది. బీడీలు చుట్టే స్త్రీలతో, లేసు అల్లే స్త్రీలతో, మిషను కుట్టే స్త్రీలతో ఎప్పుడు మాట్లాడినా ఒకే రకం మాటలు వినిపిస్తాయి. కళ్ళలో ఇసుక పడ్డట్టుందంటారు. మంటలంటారు. సాయంత్రానికి దారం మసగ్గా కనిపిస్తుందంటారు. వీటికి చుక్కల మందు దొరుకుతుంది, కళ్ళజోడు దొరుకుతుంది. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, మధ్యలో ఎన్నిసార్లు లేచావు అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. ఈవేళ ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను.

ముందు కంటి సంగతి. కంటి మీద ఎప్పుడూ ఒక పల్చటి కన్నీటి పొర ఉంటుంది. అందులో జిగురు, నీరు, ఆ నీరు ఆవిరైపోకుండా కాపాడే నూనె ఉంటాయి. నూనె రెప్పల అంచుల్లో ఉన్న గ్రంథుల నుంచి వస్తుంది. రెప్ప వేసినప్పుడల్లా ఈ పొర కంటి మీద సమంగా పరుచుకుంటుంది. సన్నటి పని మీద చూపు నిలిపినప్పుడు రెప్ప వేయడం తగ్గిపోతుంది. లేసు అల్లినా, కంప్యూటరు చూసినా అంతే. తడి ఆరి కన్ను ఒరుసుకుపోతుంది. నిద్రలో రెప్పలు మూసుకుంటాయి కనుక ఆవిరి కావడం ఆగి, కన్ను తేరుకుంటుంది. నిద్ర తగ్గితే కన్ను ఆరిపోయే గంటలు పెరుగుతాయి, తేరుకునే గంటలు తరుగుతాయి.

2014లో దక్షిణ కొరియా పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. 20 మంది ఆరోగ్యవంతుల్ని తీసుకుని, సగం మందిని రాత్రంతా మేలుకొని ఉండమన్నారు. నిద్ర లేనివాళ్ళలో కన్నీటి ఊట తగ్గింది, కన్నీటి పొర త్వరగా చెదిరిపోయింది, కన్నీటి గాఢత పెరిగింది. అయితే గమనించండి, ఆ 20 మందీ పురుషులే. కళ్ళు పొడిబారే జబ్బు స్త్రీలలోనే ఎక్కువని, ముట్లుడిగాక మరీ ఎక్కువని వైద్యశాస్త్రానికి తెలుసు. ఒక్క రాత్రి మేలుకున్న పురుషుడి కన్నీటిని కొలిచారు, మంచిదే. ఇరవయ్యేళ్ళుగా ముక్కలు ముక్కలుగా నిద్రపోతున్న స్త్రీ కన్నీటిని కూడా కొలవాలి కదా!

అన్ని కంటి జబ్బుల్నీ నిద్ర మీదకి నెట్టాలని నా ఉద్దేశం కాదు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం వయసుతో వచ్చేది, దానికి అద్దాలు కావాలి. శుక్లాలకు ఆపరేషనే మందు. నిద్ర, కళ్ళ మధ్య సంబంధం రెండు వైపులా నడుస్తుంది కూడా. కళ్ళ మంట వల్లా నిద్ర చెడుతుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉన్నవాళ్ళలో గ్లాకోమా ఎక్కువగా కనిపిస్తోందని అనేక అధ్యయనాలు చెప్పాయి, కానీ ఒకటి రెండోదానికి కారణమని ఇంకా తేలలేదు. గురక పెడుతున్నావంటే సిగ్గుపడేలా పెంచిన సమాజంలో స్త్రీలు ఆ సంగతి డాక్టరు దాకా తీసుకుపోరు. పగలంతా నీరసం, పొద్దున్నే తలనొప్పి అని చెబితే, "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపేస్తారు.

ఇక ఈ నిద్రను ఎవరు తీసుకుంటున్నారో చూద్దాం. ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. పిల్లల్నీ, ముసలివాళ్ళనీ, రోగుల్నీ చూసుకోవడం ఈ లెక్కలో లేదు, దాని లెక్క వేరు. కూలి పని దీనిపైన వచ్చి పడుతుంది. రోజుకి గంటలు 24 కన్నా పెరగవు కాబట్టి కోత పడేది నిద్రకే.

మన గోదావరి జిల్లాల లేసు పనినే తీసుకోండి. నర్సాపురం లేసు కార్మికుల మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. వాళ్ళని కార్మికులుగా కాక తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూడటం వల్లే వాళ్ళకి అంత తక్కువ కూలి ఇవ్వగలుగుతున్నారని ఆమె చూపించింది. ఆ "తీరిక" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. వంట, గిన్నెలు, బట్టలు, పిల్లల చదువు అయ్యాక మిగిలే తీరిక రాత్రి పూటే. మసక దీపం కింద తెల్లదారం చూస్తూ కూర్చున్నది ఎవరి తీరిక? తెలంగాణలో బీడీ చుట్టే స్త్రీలదీ ఇదే కథ. కూలి వెయ్యి బీడీలకింత అని కడతారు. పగలు లెక్క నిండకపోతే రాత్రి నింపాలి. ముక్క లెక్కన కూలి ఇచ్చే పద్ధతిలో నిద్ర పోయినంతసేపూ కూలి పోయినట్టే ఉంటుంది.

ఫ్యాక్టరీల మాటకొస్తే, 1948 చట్టం స్త్రీలకు రాత్రి పని నిషేధించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడు వాళ్ళ సమ్మతితో, భద్రతా షరతులతో రాత్రి పనికి వీలు కల్పించింది. స్త్రీలని ఉద్యోగాల నుంచి తప్పించడానికి నిషేధం సాకు కాకూడదు, నిజమే. కానీ రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన స్త్రీ పగలు పడుకోగలదా? పొయ్యి ఆమె కోసమే కాచుకుని ఉంటుంది. భద్రత అంటే బస్సు, దీపాలు, కాపలా మాత్రమేనా? పగటి నిద్ర కూడా అందులో భాగమే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మంట తగ్గుతుందని మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోకండి. స్టెరాయిడ్ చుక్కలు మొదట హాయిగా ఉంటాయి. పరీక్ష లేకుండా నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు, శుక్లాలు రావచ్చు. అలా పోయిన చూపు ఎంత నిద్రపోయినా తిరిగి రాదు.

ఊళ్ళకి కంటి పరీక్షలు రాలేదని కాదు. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో "కంటి వెలుగు" పేరుతో పెద్ద ఎత్తున శిబిరాలు పెట్టారు. చాలామందికి అద్దాలు అందాయి, అది చిన్న సంగతి కాదు. అయితే అద్దాలు చూపుని సరిదిద్దుతాయే గాని, పని గంటల్ని సరిదిద్దవు.

అందుకే మన సంఘాలు కొన్ని విషయాలు గట్టిగా అడగాలి. ఇంటి దగ్గర చేసే పనికి కూలి రేటు కట్టేటప్పుడు, ఎనిమిది గంటల్లో మామూలు వేగంతో చేయగలిగిన పనికి కనీస వేతనం రావాలి. కార్మికుల వార్షిక ఆరోగ్య పరీక్షలు ఇంటి దగ్గర పనిచేసే వాళ్ళకీ అందాలి. అందులో కళ్ళ పరీక్షతో పాటు నిద్ర గురించిన ప్రశ్నలుండాలి. రాత్రి షిఫ్టులు పెట్టే చోట పిల్లల సంరక్షణ కేంద్రం తప్పనిసరి కావాలి.

ఇంకొకటి ప్రభుత్వాన్ని అడిగేది కాదు, ఇంట్లో అడగాల్సింది. రాత్రి గిన్నెలు ఎవరు తోముతున్నారు, పసిబిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తున్నారు, పొద్దున్నే పాలు ఎవరు కాస్తున్నారు? ఈ మూడు పనులూ పంచుకునేదాకా ఆ ఇంట్లో స్త్రీ కళ్ళకి ఏ మందు వేసినా సగం మందే. మీ మీ సంఘాల్లో, వచ్చే సమావేశంలోనే ఈ చర్చ మొదలుపెట్టమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.