పాత కారు ఇంజను – నిదానము



గరివిడి, చీపురుపల్లి ప్రాంతములలో నేడు మోటారుబండి లేని ఊరు లేదు. కుఱ్ఱవాండ్ర కోరిక మోటారుసైకిలుతో నాగుటయు లేదు. వేగమునకై చేసిన కారు కావలెనందురు; కొత్తది కొనుటకు శక్తి చాలనిచో, ఒకరు వాడి విడిచినదైనను చాలునందురు. రెండే తలుపులు గలిగి, నేలకు దగ్గరగా నుండు అసలైన పందెపుకారు మన సీమలో నరుదు. కాని 2013 మొదలు 2022 వఱకు మన దేశమున అమ్మబడిన పోలో జీటీ వంటి చుఱుకైన చిన్నకార్లు ఇప్పటికిని చేతులు మారుచునే యున్నవి. బేరమువేళ కుఱ్ఱవాడు రంగును, చక్రములను జూచి మురియును. ధాన్యమమ్మిన డబ్బు లెక్కపెట్టి యిచ్చువాడు మాత్రము ఇంటిపెద్ద. అట్టి పెద్దలకే నా యీ ప్రసంగము.

కారు కదలక నిలిచియుండగా, ఎక్సలేటరుపై కాలు మోపకున్నను, ఇంజను తనంతట మెల్లగా తిరుగుచుండుటను మెకానిక్కులు ఐడ్లింగు అందురు. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను అప్పుడు సామాన్యముగా నిమిషమునకు 700 మొదలు 900 చుట్లవఱకు తిరుగును. 800 అని లెక్కవేసికొందము. ప్రతి సిలిండరులోను రెండు చుట్లకొకమారు మంట పుట్టును. కావున నిమిషమునకు 1600 మంటలు, అనగా సెకండునకు సుమారు 27. ఇవి యన్నియు సమముగా పడినచో చెవికి తైలధారవలె ఒకే శబ్దము వినబడును. సమముగా పడనిచో బండి వణకును, శబ్దము నడుమనడుమ తెగును. దీనినే మన షెడ్లలో “మిస్సింగు కొట్టుచున్నది” అందురు.

అమ్మువాడు, “ఇది యెంత? ప్లగ్గులు మార్చిన పోవును” అనును. అది నిజము కావచ్చును. అట్లుగాక ఇంజనును పూర్తిగా విప్పవలసిన రోగమును కావచ్చును. మొదటిది కొద్ది వందలతో తీరును. రెండవది బండి ధరలో పెద్ద పాలును మ్రింగును. పైకి రెండును ఒక్కవిధముగనే వణకును. ఈ భేదమును తెలిసికొనుటయే నేటి విషయము.

నిదానమను పదమునకు మన వాడుకలో రెండర్థములు గలవు. మెల్లదనము ఒకటి, వైద్యశాస్త్రమున రోగకారణమును నిర్ణయించుట రెండవది. మాధవకరుని మాధవనిదానము చికిత్సల జోలికి పోక, రోగనిర్ణయమునే బోధించిన గ్రంథము. రోగమును తెలియుట వేఱు విద్యయనియు, మందిచ్చుట దాని తరువాతి పనియనియు మన పూర్వులు గుర్తించిరన్నమాట. ఇంజను విషయమునను క్రమమిదియే. నేడు షెడ్లలో జరుగుచున్నది చాలవఱకు తలక్రిందులు: ముందు ప్లగ్గులు మార్తురు, పోకున్న కాయిలు మార్తురు, అప్పటికిని పోకున్న ఇంజెక్టర్లు మార్తురు. యజమాని డబ్బు వ్యయమగును. రోగము తెలియనే తెలియదు.

ఇంజను మెల్లగా తిరుగునప్పుడే లోపము బయటపడుటకు కారణమున్నది. ఇంజనునకు కావలసినవి నాలుగు: గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, సిలిండరులోని బిగువు. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు తూకములో సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను. ఐడ్లింగులో గాలిద్వారము దాదాపు మూసియుండును. లోనికి పోవు గాలి మిక్కిలి కొంచెము. అప్పుడొక రబ్బరు గొట్టమునకు సన్నని పగులున్నను, దానిగుండ దొంగతనముగా చొచ్చిన గాలి ఆ లెక్కను చెఱచును. రోడ్డుపై వేగముగా పోవునపుడు ద్వారము విశాలముగా తెఱచియుండును; ఆ కొంచెపు గాలి లెక్కలోనికే రాదు. జోడెడ్లలో నొకటి కుంటిదైనను బండి పల్లమున దొరలునపుడు తెలియదు. మెల్లగా నడిపించిననే తెలియును. కాబట్టి, “ఒకమారు రోడ్డుమీద నడిపి చూడుడు, గుఱ్ఱమువలె పరుగెత్తును” అను మాటతో తృప్తిపడరాదు.

అయితే ప్రతి తడబాటును రోగము కాదు. వైద్యుడు ముందు రోగి ప్రకృతిని, పిమ్మట వికృతిని జూచును. పందెములకై చేసిన కొన్ని ఇంజన్లలో, గాలి వచ్చు వాల్వును పొగ పోవు వాల్వును రెండును ఎక్కువసేపు ఒక్కమారే తెఱచియుండునట్లు అమర్తురు. అందువలన మిక్కుటపు వేగమున బలము హెచ్చును, మెల్లని తిరుగుటలో కొంత ఊగిసలాట కలుగును. అది దాని ప్రకృతి. సంసారపక్షమైన చిన్నకారున కట్టి ప్రకృతి యుండదు. “పందెపు బండి కదా, ఇట్లే యుండును” అని యెవడైన ననినచో, అదే రకపు మఱియొక బండి ప్రక్కన నిలిపి వినుడు. సందేహము తీరును. ఇక శబ్దము సమముగనే యుండి, చుట్లను చూపు ముల్లు కదలకుండ, కూర్చున్న సీటు మాత్రము వణకినచో, ఇంజనును మోయు రబ్బరు మౌంటింగులు అరిగియుండవచ్చును. అది నాడి దోషము కాదు, మంచము దోషము.

పరీక్ష ఉదయమున, ఇంజను చల్లగా నున్నప్పుడే చేయవలెను. మీరు పోవుసరికే అమ్మువాడు ఇంజనును వేడిచేసి యుంచినచో అనుమానింపుడు. బానెట్టుపై చేయి యుంచిన తెలియును. చల్లని ఇంజను మొదట కొంచెము హెచ్చుగా తిరిగి, వేడెక్కిన కొలది తగ్గి కుదురుకొనవలెను. పిమ్మట సైలెన్సరు పొగను చూడుడు. పొగనుబట్టి నిప్పు నూహించుట తర్కశాస్త్రమున బాలురు నేర్చు మొదటి ఉదాహరణము. ఇచట పొగ రంగునుబట్టి మండుచున్న దేదియో ఊహింపవలెను. నల్లపొగ యైనచో పెట్రోలు మితిమీరినది. నీలిపొగ యైనచో ఇంజనాయిలు మండుచున్నది. చలివేళ తెల్లని ఆవిరి సహజమే; ఇంజను వేడెక్కినను అది తగ్గక, రేడియేటరులోని నీరు తఱుగుచున్నచో, హెడ్డు గ్యాస్కెట్టు చెడినదని శంకింపవలెను. ఈ పరీక్ష ఆరుబయటనే జరుగవలెను. మూసిన షెడ్డులో ఇంజను తిప్పరాదు. ఆ పొగలోని కార్బన్ మొనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. మనుష్యుడు నిద్రపోవునట్లే ప్రాణము విడుచును.

తరువాతి పనులు మెకానిక్కు చేయవలసినవి. కాని చేయించువారికి తెలిసియుండవలెను. గాలి చొఱబడుచున్నదను శంక యున్నచో, గొట్టముల యతుకులపై మంచినీటిని సన్నగా చిమ్మవలెను. ఒకచోట తడిసిన వెంటనే శబ్దము మారినచో దొంగద్వారమచటనే గలదు. పెట్రోలు, కిరసనాయిలు వేడి ఇంజనుపై చిమ్ముట అగ్నితో చెలగాటము. ఎవడు చేయబోయినను వారింపుడు.

ఇక ఏ సిలిండరు పనిచేయుట లేదో తెలియుటకు తర్కములోని వ్యతిరేకమే సాధనము. ఒక్కొక్క సిలిండరునకు పోవు ఇంజెక్టరు తీగను కొన్ని క్షణములు మాత్రము విడదీయింపుడు. పనిచేయుచున్న దానిని ఆపినచో ఇంజను మఱింత తడబడును. ఆపినను మార్పేమియు లేనిచో, అది మొదటనే పనిచేయుట లేదు. నిప్పురవ్వ తీగను చేతితో లాగుట మాత్రము తగదు; అందు వేలకొలది వోల్టుల విద్యుత్తు గలదు.

దోషము గల సిలిండరు తెలిసిన పిమ్మట అన్వయమును చూడవలెను. ఒక్కొక్క ప్లగ్గునకు ఒక్కొక్క కాయిలు గల కార్లలో ఆ కాయిలును ప్రక్కదానికి మార్చి చూచిన, దోషమును దానివెంట పోయినచో కాయిలే నేరస్థురాలు. దోషము కదలనిచో ప్లగ్గును, పిదప ఇంజెక్టరును అట్లే మార్చి చూడవలెను. ఇందు కొత్త సామాను కొనవలసిన పని లేదు. 1989లో మాజ్డా సంస్థ విడుదల చేసిన మియాటా యను రెండు సీట్ల పందెపుకారు లోకప్రసిద్ధము; అమెరికాలో నున్న మన పిల్లలు కొనదలచు పాతకార్లలో నదియు నొకటి కావచ్చును. ఆ తొలి బండ్లలో ప్లగ్గు తీగలు పాతబడి రవ్వ దారితప్పుట అందఱెఱిగిన లోపము. తీగలు మార్చిన తీరు రోగమునకై ఇంజను విప్పించుట యెంత అవివేకమో, ఇంజను విప్పవలసిన రోగమునకు తీగలు మార్చి సంతసించుటయు నంతే.

మంటయు పెట్రోలును సరిగానున్నచో చివరకు బిగువు చూడవలెను. ప్లగ్గు తీసి అచట గేజి పెట్టి కొలుతురు. నాలుగింటిలో నొకటి తక్కినవాని కంటె నూటికి 15 పాళ్లకు మించి తగ్గియున్నచో దోషము కలదు. అప్పుడు ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మరల కొలువవలెను. బిగువు పెరిగినచో అరిగినవి రింగులు; పెరుగనిచో చెడినది వాల్వో గ్యాస్కెట్టో కావచ్చును. మందిచ్చి రోగము నెఱుగు ఈ ఉపాయమునకే వైద్యశాస్త్రమున ఉపశయమని పేరు.

వాల్వుల మాట వచ్చినది గనుక మన ఊరి సంబంధము నొకటి చెప్పెదను. పొగ వెలికిపోవు వాల్వులకు వాడుకలోనున్న ప్రసిద్ధమైన ఉక్కు రకమొకదానిలో నూటికి సుమారు 21 పాళ్లు క్రోమియము, 9 పాళ్లు మాంగనీసు, 4 పాళ్లు నికెలు ఉండును. ఈ మాంగనీసు రాతినే మన కోడూరు, గర్భాం గనులలో తాతలనాటినుండి త్రవ్విరి. అంతటి గట్టి లోహమును, వాల్వు తన పీఠమున సరిగా కూర్చుండనిచో, ఆ సందున దూసికొనిపోవు మంటకు అంచు కాలి చెడును. ఎంత మంచి లోహమైనను కూర్చుండు చోటు సరిగా నుండవలెను.

నేటి కార్లలో తమ లోపమును తామే చెప్పుకొను యంత్రమున్నది. అమెరికాలో 1996 నుండి ప్రతి కొత్త కారున నిది తప్పనిసరియైనది. స్కానరు తగిలించిన పి 0301 వంటి సంఖ్య కనబడును. మొదటి సిలిండరులో మంట తప్పుచున్నదని దాని యర్థము. అయితే తప్పినది ప్లగ్గు వలననో, కాయిలు వలననో, వాల్వు వలననో అది చెప్పదు. స్కానరు ఫిర్యాది మాత్రమే, తీర్పరి కాదు. మఱియొక మెలకువ: బేరమునకు ముందు ఈ ఫిర్యాదులను చెఱిపివేయువారు గలరు. చెఱిపిన పిమ్మట కారు తన స్వపరీక్షల నింకను పూర్తిచేసికొనలేదని స్కానరే చూపును; ఆ సంగతి అడిగి తెలిసికొనుడు.

పాత బండి విషయమున పెట్రోలు సంగతియు తలపవలెను. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు మన దేశమున 2023 ఫిబ్రవరి నుండి అమ్మకమునకు వచ్చినది. ఇథనాలునకు నీటిని పీల్చుకొను గుణమున్నది. దానిని తలపెట్టక చేసిన పాతబండ్లలోని రబ్బరు భాగములను మెత్తబఱచు గుణమును ఉన్నది. నెలలకొలది కదలక పడియున్న పందెపుకారు తడబడినచో, ముందు పాత పెట్రోలును తీసివేయించి చూడుడు.

పెద్దలకు నా విన్నపమిది. డబ్బు చేతులు మారకముందే మెకానిక్కును మూడు ప్రశ్నలడుగుడు: దోషము ఏ సిలిండరులో? దానికి కారణమేమి? ఆ కారణమే యని యే పరీక్షచే తెలిసినది? ఈ మూడింటికి సమాధానము దొరికినచో, మరమ్మతు ఖర్చును ధరలో తగ్గించి బేరమాడవచ్చును. మూడవదానికి సమాధానము లేనిచో మొదటి రెండును ఊహలే. కారణము తేలని తడబాటు గల బండిని, ఎంత చౌకగా వచ్చినను, ఎంత మురిపించినను, ఇంటికి తేవలదు. మీ నూతిమీది పంపుసెట్టునకైనను, పొలములోని ట్రాక్టరునకైనను ఈ మూడు ప్రశ్నలును వర్తించును.

నిదానమే ప్రధానమని మన పెద్దలన్నారు. ఇంజనును నిదానముగా తిరుగనిచ్చి, నిదానముగా విని, నిదానము తేల్చినవాడు మోసపోడు.