బడి, మొహల్లా – సెలవు తీసుకుంటూ నాలుగు మాటలు

(సంఘ వార్షిక సమావేశంలో, పదవీ విరమణ చేస్తున్న ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠం)



ఈ నెలాఖరుతో నా ఉద్యోగం ముగుస్తున్నది. వీడ్కోలు సభలో పోయేవాణ్ణి పొగడటం ఆనవాయితీ. నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఆ పని కొరత లేకుండా చేశారు. కనుక నేను నా సంగతి వదిలిపెట్టి, మన బడి గురించీ, బడి చుట్టూ ఉన్న మొహల్లా గురించీ మాట్లాడతాను.

నేను 2004లో తెలుగు పండితునిగా ఈ కర్నూలు పాతబస్తీ బడికి వచ్చాను. మధ్యలో కొన్నేళ్లు వేరే ఊళ్లలో పనిచేసి, ప్రధానోపాధ్యాయునిగా మళ్లీ ఇక్కడికే చేరాను. ఒకే ప్రహరీ లోపల ఒక వైపు ఉర్దూ మాధ్యమం, ఇంకొక వైపు తెలుగు మాధ్యమం. ఒక నల్లబల్ల మీద అక్షరాలు కుడి నుండి ఎడమకు, పక్క గదిలో ఎడమ నుండి కుడికి. కొత్తలో నాకు అంతా వింతగా ఉండేది. ఆరో తరగతి పిల్లలే నాకు గురువులై అలిఫ్, బే దిద్దించి, నా పేరు ఉర్దూలో రాయడం నేర్పారు. ఇప్పటికీ నాకు వచ్చిన ఉర్దూ అంతే!

భాష విషయంలో ఒక మాట. మన నూర్‌బాషా కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాళ్లను తోటివాళ్లు “ఉర్దూ రాదా? నువ్వేం తురకవు?” అని వెక్కిరించడం నేను విన్నాను. అట్లాగే ఉర్దూ సెక్షన్ పిల్లలు తెలుగు తప్పు చదివితే ఇటువాళ్లు నవ్వడమూ చూశాను. రెండూ తప్పే. పిఠాపురం ఉమర్ ఆలీషా కవి (1885–1945) పారశీకం నుండి ఖయ్యాం రుబాయీలను నేరుగా తెలుగు పద్యాలలోకి తెచ్చారు. ఇంకో భాష వచ్చినందువల్ల ఆయనకు పోయిందేమీ లేదు. మన ఊరి డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు 1947లో ఇక్కడ ఉస్మానియా కళాశాలను నెలకొల్పారు. ఆయన పేరుతో 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. ఉర్దూ ఇంటి గౌరవం. తెలుగు ఆసుపత్రిలో, బ్యాంకులో, తహసీల్దారు ఆఫీసులో నోరిచ్చే భాష. పిల్లవాడికి రెండూ కావాలి, ఇంగ్లీషు ఎటూ తప్పదు.

ఇక కలిసిమెలిసి ఉండటం అంటే పండుగకు సేమ్యా పంపడం, ఉగాదికి పచ్చడి ఇవ్వడం అని అందరూ చెబుతారు. అది మంచిదే, మనకు కొత్తా కాదు. కాని బడిని మొహల్లా నిలబెట్టడం అంటే ఏమిటో నేను 2009 అక్టోబరులో చూశాను. ఆ నెల 2వ తేదీన తుంగభద్ర, హంద్రి పొంగి పాతబస్తీని ముంచాయి. గాంధీ జయంతి సెలవు గనుక పిల్లలు బడిలో లేరు, అదే అదృష్టం. నీళ్లు తీశాక వచ్చి చూస్తే గదుల్లో బురద, రిజిస్టర్లు ముద్దలు ముద్దలు. నష్టపోని ఇల్లు లేదు. అయినా తమ ఇళ్లలో బురద ఇంకా ఉండగానే పారలు, బకెట్లు పట్టుకుని మనుషులు బడికి వచ్చారు. వెల్డింగ్ షాపువాళ్లు విరిగిన బెంచీలు అతికి ఇచ్చారు. ఏ సెక్షన్ గది ముందు కడగాలని ఎవరూ అడగలేదు.

ఇంకొక సంగతి. ఉర్దూ సెక్షన్‌కు లెక్కల ఉపాధ్యాయుడు లేని ఒక సంవత్సరం, బ్యాంకులో పనిచేసి రిటైరైన మన సంఘ సభ్యులొకరు రోజూ పొద్దున రెండు పీరియడ్లు పాఠం చెప్పి వెళ్లారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. పేరు చెబితే ఆయనకు కోపం వస్తుంది, అందుకని చెప్పను.

ఇంత చేయగల మొహల్లా ఒక్క చోట మాత్రం చూసీచూడనట్టు ఉంటున్నది. అది చెప్పకుండా వెళితే నేను మీకు ఆప్తుణ్ణి కాను.

సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చింది. దేశంలో 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది అసలు బడికి వెళ్లనివారు లేదా మధ్యలో మానేసినవారు అని అందులో ఉన్నది. ముస్లింలంతా పిల్లలను మదరసాలకే పంపుతారని బయట అనుకుంటారు. బడి ఈడు పిల్లలలో మదరసాలకు వెళ్లేవారు నూటికి 3 మందేనని అదే నివేదిక చెప్పింది. అంటే పిల్లలు బడి మానేది మతం వల్ల కాదు, ఇంటి ఇబ్బంది వల్ల. 2009 విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. సరిగ్గా ఆ వయసు దాటగానే మన మగపిల్లలు మెకానిక్ షెడ్డుకు, ఆడపిల్లలు మగ్గం వర్కుకు మళ్లుతున్నారు. పైగా 1 నుండి 8వ తరగతి దాకా ఉన్న మైనారిటీ ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనాన్ని కేంద్ర ప్రభుత్వం 2022లో ఆపివేసింది. మొత్తం చిన్నదే గాని, బ్యాగుకో చెప్పులకో అక్కరకు వచ్చేది.

ఒకసారి ఒక తండ్రి వచ్చి, “సార్, పాప టి.సి. ఇవ్వండి, ఎనిమిది చాలు” అన్నారు. తోపుడు బండి మీద పండ్లు అమ్మే మనిషి. నేను వాదించలేదు. “ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారు?” అని అడిగాను. మర్నాడు ఆ పాప దాదీమాను వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె బురఖా సర్దుకుంటూ గేటు దగ్గరే నిలబడింది. “మేం సదువుకోనోళ్లం సార్, లోపలికొచ్చి ఏం మాట్లాడతాం?” అన్నది. కుర్చీ వేయించి కూర్చోబెట్టి, పాప నోటుబుక్కు చేతికిచ్చాను. ఒక్క అక్షరం చదవలేకపోయినా ఆమె ఒక్కొక్క పేజీ తిప్పి చివరిదాకా చూసింది. తరువాత కొడుకు వైపు తిరిగి, “బేటా, దీని మీద ఎర్ర సిరా ఎక్కడా లేదు. మంచిగ రాసే పిల్లను ఎందుకు మానిపిస్తావు?” అన్నది. టి.సి. మాట అక్కడితో ఆగిపోయింది. ఆ అమ్మాయి నర్సింగ్ పూర్తిచేసి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నది. ఇంట్లో అందరి బి.పి. తనే చూస్తుందట.

ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఇంటి మాటను మార్చింది నా ఉపన్యాసం కాదు, ఆ ఇంటి పెద్దామె. ఆమె గేటు దాటి లోపలికి రావడమే కావలసింది. బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యులలో సగం స్త్రీలు ఉండాలనీ విద్యాహక్కు చట్టమే చెబుతున్నది. కాని మన తల్లులు చాలామంది సంతకం పెట్టి వెళ్లిపోతున్నారు. మాట్లాడండి అమ్మా! మధ్యాహ్న భోజనం అన్నం ఉడకలేదనండి, మరుగుదొడ్డికి నీళ్లు లేవనండి, మా పాపకు లెక్కలు రావడం లేదనండి. అడిగే తల్లి ఉన్న బడిలో పంతులూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.

సంఘం వారికి నా మనవి. ఏటా పదో తరగతిలో మొదటి ముగ్గురికి మీరు బహుమతులు ఇస్తున్నారు. చాలా సంతోషం. కాని ఆ ముగ్గురూ బహుమతి లేకపోయినా చదువుతారు. మీ అవసరం ఉన్నది వెనక బెంచీలో కూర్చుని, ఒక సోమవారం నుండి కనిపించకుండా పోయే పిల్లవాడికి. అందుకని మూడు పనులు కోరుతున్నాను. మూడు రోజులు వరుసగా రాని పిల్లల పేర్లు బడి మీకు ఇస్తుంది. నాలుగో రోజు మీలో ఒకరు ఆ ఇంటికి వెళ్లండి, కోప్పడటానికి కాదు, కారణం కనుక్కోవడానికి. రెండోది, సంఘం హాలులో సాయంత్రం రెండు గంటలు దీపం, ఫ్యాను, ఒక పెద్దమనిషి ఉంటే చాలు, ఒకే గది ఇళ్ల పిల్లలు వచ్చి చదువుకుంటారు. మూడోది, జూన్‌లో జుమా నమాజు తరువాత ఇమాం సాబ్ గారు బడి చేరికల గురించి ఒక్క మాట చెబితే, అది మేము పంచే వంద కరపత్రాల పెట్టు.

నా స్థానంలో వచ్చేవారు ఎవరైనా సరే, ఉర్దూ వచ్చినా రాకపోయినా, నన్ను చూసుకున్నట్టే చూసుకోండి. తప్పు చేస్తే నన్ను అడిగినట్టే అడగండి. ప్రధానోపాధ్యాయులు వస్తారు, పోతారు. హాజరు పట్టీలో పేర్లు మాత్రం మీ పిల్లలవి. ఆ పేర్లు మధ్యలో కొట్టివేత పడకుండా పదో తరగతి దాటేలా చూడండి.

 సెలవు. ఖుదా హాఫిజ్.