కుర్చీలు, మంచములకు మన గట్లమీది కలప



పొలము గట్టుమీది చెట్టును నిలువుననే బేరమాడి అమ్మివేయుట మన పల్లెలలో వాడుక. ఆ సొమ్ముకు మరికొంత చేర్చి అమ్మాయి పెండ్లికి మంచము, బీరువా కొనుటయు వాడుకే. అవి పచ్చి కలపతో చేసినవైనచో, వేసవి వచ్చుసరికి అతుకులు వదలి కిర్రుమనును. కావున చెట్టు అమ్ముటకు ముందు దాని కలప గుణము తెలిసికొనుట మేలు.

మన వడ్రంగులు టేకును మిక్కిలి మెచ్చుకొందురు. ఆరిన పిమ్మట అది అంతగా వంకరపోదు. దాని చేవను చెదలు సులభముగా తినలేవు. జిట్రేగి ముదురు వన్నెది, బరువైనది, నునుపు బాగుగా తేలును. పనస పసుపుపచ్చగా ఉండి పనికి లొంగును. బొబ్బిలి వీణలను దీనితోనే చేయుదురు. వేపను పురుగు త్వరగా పట్టదు. తలుపులకు, బల్లలకు పనికివచ్చును. నల్లతుమ్మ గట్టిది, మంచపు కోళ్లకు అనుకూలము. మామిడి చవుక, కాని తేమ తగిలినచో త్వరలో చివుకును.

అయితే చెట్టు పేరొక్కటే చాలదు. మ్రాను నడుమ నుండు ముదురురంగు చెక్కయే చేవ. బెరడు క్రింది తెల్లచెక్కలో పిండిపదార్థ ముండును గనుక పుచ్చుపురుగు దానినే తొలుచును. టేకులోనైనను తెల్లచెక్కకు చేవ గుణము రాదు. లేత చెట్టులో చేవ తక్కువ, తొందరపడి కొట్టరాదు.

కోయించిన పలకలను నీడలో, గాలి తగులుచోట, నేలకు అడుగు ఎత్తున దిమ్మెలపై పేర్చవలెను. వరుసల నడుమ ఒకే మందము గల పుల్లలు ఉంచవలెను. కొనలకు తారు పూసినచో బీటలు తగ్గును. అంగుళము మందపు పలక ఆరుటకు కొన్ని నెలలు పట్టును. మందము హెచ్చినకొలది కాలమును హెచ్చును. ఒక పలకకు గుర్తు పెట్టి, పొడి దినములలో వారమున కొకసారి తూచుచుండుడు. తూకము తగ్గుట ఆగినచో ఆరినదని గ్రహింపవచ్చును.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము కొన్ని చెట్లు కొట్టుటకు అనుమతి కావలెను. ముందుగా అటవీశాఖవారిని అడిగి తెలిసికొనుడు.

చివరగా ఒక మాట. వర్తకునితో ధర మాటలాడుటకు ముందు మీ ఊరి వడ్రంగిని చెట్టువద్దకు పిలుచుకొని పొండు. ఏ మొద్దు బల్లలకు పనికివచ్చునో, ఏది వంటచెరకునకో అతడు చూచి చెప్పగలడు. ఆ లెక్క తెలిసిన పిమ్మటనే బేరమునకు కూర్చుండుడు.